ఏ వెలుగులో చూశారు? వజ్రకరూరు రాయి, సముద్రపు పగడం, ప్రతిదీప్తి చరిత్ర

ముంగారు వానలు ఒకటి రెండు పదునుగా పడగానే వజ్రకరూరు చుట్టుపక్కల పొలాల్లో మీకొక దృశ్యం కనిపిస్తుంది. విత్తనం వేసే పని ఉన్నవాళ్ళు గొర్రు కట్టుకుని తమ చేలల్లో ఉంటారు. వాళ్ళు కాక ఇంకొందరు, ఊరివాళ్ళూ, పక్క మండలాలవాళ్ళూ, తల వంచుకుని, నేల మీద చూపు నిలిపి, అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తుంటారు. వాళ్ళు వెతికేది వజ్రం. వాన పైమట్టిని కడిగి రాళ్ళను బయట పెడుతుంది. పొద్దు ఏటవాలుగా ఉన్నప్పుడు తడిమట్టి మెరవదు, రాయి మెరుస్తుంది. అందుకే ఉదయమూ సాయంత్రమూ వెతికేవాళ్ళు ఎక్కువ. ఎవరూ పుస్తకంలో చదివి నేర్చుకున్న పద్ధతి కాదది.

ఈ పాఠ్యభాగంలో మనం వజ్రాల వ్యాపార చరిత్రను చెప్పుకోవడం లేదు. అది వేరే భాగాల్లో వస్తుంది. ఇక్కడ మన ప్రశ్న చిన్నది: వజ్రాన్ని ఎవరు, ఏ వెలుగులో చూశారు? ఈ ప్రశ్న వెంట నడిస్తే గోల్కొండ రాజ్యపు గనుల దగ్గరి ఒక నూనెదీపం దగ్గరికీ, బెంగళూరులో ఒక చీకటిగదికీ, చివరికి సముద్రం అడుగున రాత్రివేళ ఈదే మనిషి దగ్గరికీ వెళ్తాం. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం మెట్టనేలకూ సముద్రం అడుగుకూ ఏమిటి సంబంధమని మీరు అడగవచ్చు. చూసే పద్ధతిలో ఉంది ఆ సంబంధం.

ఊరు, రాయి

వజ్రకరూరు గుంతకల్లుకూ ఉరవకొండకూ నడుమ ఉంటుంది. పేరులోనే వజ్రం ఉంది. 1881లో ఇక్కడ దొరికిన 67 క్యారెట్ల పైచిలుకు రాయిని మద్రాసులోని పి. ఆర్ అండ్ సన్స్ నగల వ్యాపార సంస్థ కొని సాన పట్టించింది. ఆ సంస్థకు చెందిన గోర్డన్ ఆర్ పేరు కలిసొచ్చేలా దానికి 'గోర్ దో నోర్' అని పేరు పెట్టారు. సాన పట్టాక మిగిలింది పాతిక క్యారెట్ల లోపే.

ఆ తరవాత శాస్త్రవేత్తల వంతు వచ్చింది. 1884లో మారిస్ షాపెర్ అనే ఫ్రెంచి భూగర్భశాస్త్రవేత్త ఇక్కడి వజ్రాలకు తల్లిరాయి పెగ్మటైటు అని ప్రకటించాడు. 1889లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆ మాటను కాదన్నాడు. దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో అప్పటికే తవ్వుతున్న నీలిరాయిలాంటిది ఈ ఊరి దగ్గర కూడా ఉందని ఆయన గమనించాడు. ఫుట్ చూపు సరైన దిక్కునే ఉంది. ఆ రాయినే నేడు కింబర్లైటు అంటున్నాం. సుమారు 110 కోట్ల ఏళ్ళ కిందట, 150 కిలోమీటర్లకు మించిన లోతు నుంచి, గొట్టంలాంటి దారిలో పైకి దూసుకువచ్చిన శిల అది. అయితే రాయి గుర్తుపట్టినంత మాత్రాన వజ్రం చేతికి రాలేదు. నీలిరాతిని తవ్వి చూసినవారికి ఆ రోజుల్లో నిరాశే మిగిలింది. పొలంలో వాన తేల్చిన రాయే ఎప్పటిలా దారిన పోయేవాడికి దొరుకుతూ వచ్చింది.

గూట్లో దీపం, చెట్టుకింద నీడ

ఇప్పుడు రెండు వందల ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్దాం. 17వ శతాబ్ది మధ్యలో జాఁ బాప్టిస్ట్ టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు దక్కను గనులకు చాలాసార్లు వచ్చాడు. ఆయన రాతల్ని మీరు గనుల వివరాల కోసం, ధరల కోసం చదివి ఉంటారు. నేను వాటిలో ఒక చిన్న విషయం దగ్గర ఆగమంటాను. యూరపులో సాన పట్టని రాళ్ళను పగటి వెలుగులో పరీక్షిస్తారని, ఇక్కడి వర్తకులు మాత్రం రాత్రిపూట పరీక్షిస్తారని ఆయన రాశాడు. గోడలో అడుగు చదరం గూడు చేసి, అందులో లావు వత్తి దీపం పెట్టి, రాయిని వేళ్ళ మధ్య పట్టుకుని దాని 'నీరు', అంటే స్వచ్ఛత, చూసేవారట. రాతిలో నీలి ఛాయ ఉందేమోనని అనుమానం వస్తే దాన్ని గుబురు చెట్టు కిందికి తీసుకుపోయేవారట. ఆకుల పచ్చనీడలో ఆ నీలం తేలిగ్గా బయటపడుతుందని ఆయన చెప్పాడు.

మన వర్తకులకు భౌతికశాస్త్రం తెలియదు. కానీ వాళ్ళు చేసింది గమనించండి. ఒకే రాయిని రెండు రకాల వెలుగుల్లో చూశారు. నూనెదీపంలో అతినీలలోహిత కిరణాలు దాదాపు ఉండవు. పగటి ఆకాశపు వెలుగులో అవి ఉంటాయి. కొన్ని వజ్రాలు ఆ కిరణాలను మింగి నీలికాంతిని వదులుతాయి. కాబట్టి దీపం దగ్గర తెల్లగా ఉన్న రాయి ఆరుబయట నీలంగా తోచడానికి కారణం కొంతవరకైనా ఇదే అయివుండాలని నా అంచనా. అన్ని నీలి ఛాయలకూ ఇదే కారణమని చెప్పను. రాతి సొంత రంగు కూడా నీలం కావచ్చు. అయినా, నేరుగా పడే ఎండను తప్పించి, చుట్టూ వెలుగును వడగట్టి, మిగిలిన సన్నని వెలుగును పట్టుకోవడం అనే పద్ధతి మన నేల మీద అప్పటికే వాడుకలో ఉందనడానికి ఇది మంచి సాక్ష్యం.

ఇంకో సంగతి కూడా మరిచిపోవద్దు. ఆ దీపం వర్తకుడి గూట్లో ఉంది. ఒక గనిలో పనిచేసే కూలికి ఏడాదికి 3 పగోడాలే జీతమని అదే టావెర్నియే రాశాడు. రాయిని మట్టిలోంచి తీసినవాడు ఒకడు, దాని నీరు చూసి ధర కట్టినవాడు ఒకడు. వెలుగు ఎవరి చేతిలో ఉందో ధర చెప్పే హక్కూ అతని చేతిలోనే ఉండేది. నేటి పొలాల్లో కూడా రాయి దొరికినవాడికి దాని విలువ తెలుసుకునే సొంత సాధనం లేదు. ఆ సాధనం ఉన్నవాడు కొంటాడు. ఈ పాఠం చదువుతున్నంతసేపూ దీన్ని మనసులో ఉంచుకోండి.

రెండు గాజుల కిటుకు

వజ్రానికి తనంతట వెలుగునిచ్చే గుణం ఉందన్న సంగతి యూరపులో 1663లో నమోదైంది. లండన్‌లో రాబర్ట్ బాయిల్ ఒక వజ్రాన్ని చీకట్లో రుద్ది, వేడిచేసి, అది మిణుకుమనడం చూసి వివరంగా రాసుకున్నాడు. బ్రెజిల్ గనులు ఇంకా తెరుచుకోని కాలమది. యూరపు చేరే వజ్రాల్లో ఎక్కువ భాగం మన దేశానివే. కాబట్టి బాయిల్ చేతిలోని రాయి కూడా దక్కను నేలదే అయివుండే అవకాశం ఎక్కువ.

కానీ ఆ వెలుగుకు పేరూ వివరణా రావడానికి ఇంకా రెండు వందల ఏళ్ళు పట్టింది. 1852లో కేంబ్రిడ్జి ఆచార్యుడు జార్జ్ గేబ్రియల్ స్టోక్స్, ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం పేరు మీద, దీనికి ఫ్లోరసెన్స్ అని పేరు పెట్టాడు. తెలుగులో మనం ప్రతిదీప్తి అంటున్నాం. వస్తువు పొట్టి తరంగాల కాంతిని మింగుతుంది. అందులో కొంత శక్తి వేడిగా పోతుంది. మిగిలినది కాస్త పొడుగు తరంగాల కాంతిగా బయటికి వస్తుంది. పెద్దనోటు మార్చుకుంటే కమిషన్ పోను చిల్లర చేతికి వచ్చినట్టే. అందుకే కంటికి కనబడని అతినీలలోహితం నీలంగానో, నీలం ఆకుపచ్చగానో, ఆకుపచ్చ ఎరుపుగానో తిరిగి వస్తుంది. ఎక్కువగా ఈ దిశలోనే మార్పు జరుగుతుంది.

చిక్కు ఏమిటంటే, ఈ వెలుగు చాలా బలహీనం. వస్తువు మీద పడి తిరిగివచ్చే అసలు కాంతి దీన్ని ముంచేస్తుంది. స్టోక్స్ దానికి చక్కని ఉపాయం వాడాడు. చీకటిగదిలోకి వచ్చే ఎండకు అడ్డంగా ముదురు ఊదా గాజు పెట్టాడు. తన కంటి ముందు పసుపు గాజు పెట్టుకున్నాడు. మొదటి గాజు ఊదారంగును మాత్రమే లోపలికి వదులుతుంది. రెండో గాజు సరిగ్గా ఆ ఊదారంగునే ఆపుతుంది. రెండూ కలిస్తే కంటికి చీకటే మిగలాలి. అప్పటికీ ఏదైనా కనిపిస్తోందంటే అది దీపం వెలుగు కాదు, వస్తువులో పుట్టిన వెలుగు. ఆ తరవాత ప్రతిదీప్తి గురించి ఎవరు ఏం చూసినా, ప్రయోగశాలలోనైనా సముద్రంలోనైనా, ఈ రెండు గాజుల అమరికనే ఏదో ఒక రూపంలో వాడుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ విలియమ్స్ వుడ్, కనిపించే కాంతిని ఆపి అతినీలలోహితాన్ని మాత్రం వదిలే నల్లటి గాజును రహస్య సంకేతాల కోసం తయారుచేశాడు. ఎండ అవసరం లేకుండా, దీపంతోనే పని జరిగే రోజు వచ్చింది.

చరిత్ర విద్యార్థులుగా మీకు ఇందులో ఒక పరిచిత విషయం కనబడాలి. ఒక శాసనాన్నో రెవెన్యూ రికార్డునో చదివేటప్పుడు, రాసినవాడి గొంతు ఎంత, అందులో మాట్లాడుతున్న జనం గొంతు ఎంత అని విడదీస్తాం కదా. స్టోక్స్ గాజులు చేసే పనీ అదే.

సముద్రం నుంచి వజ్రానికి: రామన్ దారి

చంద్రశేఖర వెంకట రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి అక్కడి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు. సముద్రం ఆ పిల్లవాడికి రోజూ కనబడేదే. 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగివస్తూ రామన్ మధ్యధరా సముద్రపు నీలాన్ని చూశారు. సముద్రపు నీలం ఆకాశపు ప్రతిబింబం మాత్రమేనన్నది ఆనాటి పెద్దల మాట. ఆయన తన వెంట ఉన్న నికల్ పట్టకంతో నీటి పైభాగం నుంచి వచ్చే ప్రతిబింబాన్ని తొలగించి చూశారు. నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని ఆయన గ్రహించారు. పైమెరుపును తీసేస్తే లోపలి వెలుగు తెలుస్తుందన్న సూత్రం ఇక్కడా అదే.

కలకత్తాలో ఆ తరవాతి ఏళ్ళలో ఆయన బృందం స్టోక్స్ పద్ధతినే ద్రవాల మీద వాడింది. ఎండ దారిలో ఊదా ఫిల్టరు, కంటి ముందు పసుపుపచ్చ ఫిల్టరు. 1923లో కె.ఆర్. రామనాథన్‌కు ఒక సన్నని వెలుగు కనబడింది. ద్రవంలోని మలినాల వల్ల వచ్చిన బలహీనమైన ప్రతిదీప్తి అనుకున్నారు. ఎన్నిసార్లు శుద్ధి చేసినా అది పోలేదు. 1928 ఫిబ్రవరి 28 నాటికి అది ప్రతిదీప్తి కాదని, వేరే సంగతి అని తేలింది. మీరు జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకునేది ఆ రోజునే. అంటే రెండు గాజుల మధ్య ఒక వెలుగు మిగిలిందని తెలియడం ఒక ఎత్తు, అది ఏ వెలుగో తేల్చడం ఇంకో ఎత్తు. మధ్యలో ఐదేళ్ళు పట్టింది.

1930లో వజ్రం మీదా ఈ కొత్త పరీక్ష జరిగింది. ఆ పని చేసినవారిలో మన సూరి భగవంతం ఒకరు. తరవాత ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా, ఉస్మానియాకు ఉపాధ్యక్షులుగా మనకు బాగా తెలిసినవారే. వజ్రం వర్ణపటంలో 1332 అనే సంఖ్య దగ్గర ఒకే ఒక్క బలమైన గీత వస్తుంది. నేటికీ రత్నపరీక్షశాలలో రాయి వజ్రమా కాదా అని అడిగితే ముందు చూసేది ఈ గీతనే.

1933లో రామన్ బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు వచ్చారు. 1940ల్లో అక్కడ వజ్రాలు ఆయనకు దాదాపు వ్యసనం అయ్యాయి. ఆ ప్రయోగశాలలోకి 1940లో ఒక యువతి వచ్చింది. పేరు అన్నా మణి. 1918లో తిరువాన్కూరులోని పీర్మేడులో పుట్టింది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం ఆనర్స్ చదివి, పరిశోధన వేతనం మీద బెంగళూరు చేరింది. ఆమెకు అప్పగించిన పని వజ్రాల, కెంపుల ప్రతిదీప్తి.

పని ఎలాంటిదో ఊహించండి. ముప్పైకి పైగా వజ్రాలు. ఒక్కొక్కదాన్ని ద్రవ వాయువుతో బాగా చల్లబరచాలి. అతినీలలోహిత కాంతి వేయాలి. కొన్ని రాళ్ళు వదిలే వెలుగు ఎంత సన్నమంటే, అది ఫొటో పలక మీద గీతగా పడటానికి 15 నుంచి 20 గంటలు పట్టేది. దీపం ఆరకూడదు, చలి తగ్గకూడదు, రాయి కదలకూడదు. ఎన్నో రాత్రులు ఆమె ప్రయోగశాలలోనే నిద్రపోయింది. 1942, 1945 మధ్య ఒక్కతే పేరుతో ఐదు పరిశోధన వ్యాసాలు అచ్చయ్యాయి. 1945 ఆగస్టులో ఆ పనంతా ఒక సిద్ధాంత గ్రంథంగా మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించింది. విజ్ఞాన సంస్థలో చేసిన పనికి అప్పట్లో పట్టా ఇవ్వవలసింది ఆ విశ్వవిద్యాలయమే. ఆమెకు ఎం.ఎస్సీ. లేదు కనుక డాక్టరేటు ఇవ్వడం కుదరదన్నారు. ఆనర్స్ ఉందని, పరిశోధన వేతనం ఇచ్చి పిలిపించుకున్నది వాళ్ళేనని, వ్యాసాలు అచ్చయ్యాయని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ గ్రంథం రామన్ పరిశోధన సంస్థ గ్రంథాలయంలో ఉండిపోయింది.

దూరవిద్యలో చదువుతున్న మీలో చాలామందికి ఈ ఘట్టం కొత్తగా అనిపించదు. అడిగిన కాగితం లేదన్న మాట మీరూ ఏదో ఒక కిటికీ దగ్గర విని ఉంటారు. ఆమె అక్కడ ఆగలేదు. ప్రభుత్వ వేతనం మీద లండన్ వెళ్ళి వాతావరణ పరికరాల విద్య నేర్చుకుంది. 1948లో భారత వాతావరణ శాఖలో చేరి, దేశంలో ఎండను, గాలిని, ఓజోనును కొలిచే పరికరాలను ఇక్కడే తయారుచేయించింది. 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పదవీ విరమణ చేసింది. డాక్టరేటు లేకపోవడం వల్ల తనకేమీ తేడా పడలేదనే చెప్పేది. ఆమెకు తేడా పడకపోవచ్చు. చరిత్ర రాసే మనకు పడుతుంది. గురువు పేరు పక్కన ఆమె పేరు చాలాకాలం కనిపించకపోవడానికి ఆ పట్టా లేకపోవడం కూడా ఒక కారణమని నేను అనుకుంటాను.

ఇందులో ఇంకో మలుపు ఉంది. వజ్రపు ప్రతిదీప్తి మలినాల వల్ల కాదని, స్ఫటిక నిర్మాణంలోనే ఉందని రామన్ గట్టిగా వాదించారు. ఆ వాదం నిలబడలేదు. 1934లోనే రాబర్ట్‌సన్, ఫాక్స్, మార్టిన్ అనే ముగ్గురు వజ్రాలు రెండు రకాలని, ఒక రకం అతినీలలోహితాన్ని బాగా లోపలికి వదులుతుందని, ఇంకో రకం ఆపేస్తుందని చూపారు. 1959లో తేడాకు కారణం దొరికింది. అతినీలలోహితాన్ని ఆపేసే రకంలో నత్రజని పరమాణువులు కలిసివున్నాయి. వజ్రాలు ఎక్కువగా వెలార్చే నీలికాంతి ఆ నత్రజని అమరికల్లో ఒకదాని నుంచి వస్తుంది. రామన్ వివరణ పక్కకు పోయింది. అన్నా మణి పలకల మీద పడిన గీతలు మాత్రం అలాగే ఉన్నాయి.

నత్రజని దాదాపు లేని రాళ్ళు, బోరాన్ కలిసిన రాళ్ళు వేరుగా ప్రవర్తిస్తాయి. టావెర్నియే 1668లో పద్నాలుగో లూయీకి అమ్మిన నీలివజ్రం కృష్ణానది ఒడ్డున ఉన్న కొల్లూరు గనిదని పండితుల అభిప్రాయం. దాన్నే నేడు హోప్ వజ్రంగా వాషింగ్టన్‌లో చూస్తున్నారు. దాని మీద పొట్టి తరంగాల అతినీలలోహితం వేసి దీపం ఆపేస్తే, అది చీకట్లో కాసేపు నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. దీపం ఆగాక కూడా మిగిలే ఇలాంటి వెలుగును స్ఫురదీప్తి అంటారు.

నీటి అడుగున

ఇప్పుడు సముద్రానికి వెళ్దాం. రామన్ ఓడపై నుంచి చూసిన నీలం గుర్తుంది కదా. నీరు ఎరుపును ముందుగా మింగుతుంది. పది మీటర్లు దిగేసరికి ఎరుపు దాదాపు మాయమవుతుంది. ఇంకా దిగితే అంతా నీలమే. అలాంటి చోట ఒక జీవి ఎర్రగానో పచ్చగానో మెరిసిందంటే, ఆ రంగు పైనుంచి వచ్చి తిరిగిపోయింది కాదు. అక్కడే పుట్టింది. సముద్రమే మొదటి ఫిల్టరుగా పనిచేస్తోందన్నమాట.

1927లో ఇంగ్లండు దక్షిణ తీరంలోని టోర్బేలో సి.ఇ.ఎస్. ఫిలిప్స్ అనే భౌతికశాస్త్రవేత్త సముద్రపు అనిమోనీలు అతినీలలోహిత కాంతిలో మెరవడాన్ని నమోదు చేశాడు. 1950ల్లో పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కాలెడోనియాలో రెనే కతాలా తన అక్వేరియంలో లోతు నీటి పగడాల మీద అదే కాంతి వేసి చూశాడు. పగలు గోధుమరంగుగా, నీరసంగా ఉన్న పగడాలు పచ్చగా, నారింజగా, ఎర్రగా వెలిగాయి. అక్వేరియానికి వచ్చిన జనం చూసి ఆశ్చర్యపోయారు. ఆ వెలుగుకు మూలం ప్రొటీన్లని తరవాత తెలిసింది. 1962లో ఒసాము షిమొమురా జెల్లీఫిష్ నుంచి వేరుచేసిన పచ్చని ప్రొటీనుకు సంబంధించిన పరిశోధనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. 1999లో పగడాల్లోనూ అదే కుటుంబానికి చెందిన ప్రొటీన్లు దొరికాయి.

ఈత దుస్తులు వేసుకుని, గాలి సిలిండరు వీపున కట్టుకుని రాత్రివేళ దిగే మనిషి దీన్ని ఎలా చూస్తాడు? మొదట్లో అతినీలలోహిత దీపాలే వాడారు. వాటితో ఒక ఇబ్బంది ఉంది. ఆ కాంతి కంట్లోకి చెదిరివస్తే కంటి కటకమే ప్రతిదీప్తితో మసకబారుతుంది. పైగా పగడపు ప్రొటీన్లలో చాలావాటిని బాగా రెచ్చగొట్టేది అతినీలలోహితం కాదు, నీలం. అందుకే ఇప్పుడు ఎక్కువమంది 450 నానోమీటర్ల దగ్గరి నీలికాంతి దీపం పట్టుకుంటారు. దీపం మూతికి ఒక ఫిల్టరు ఉంటుంది. అది నీలాన్ని తప్ప మరేదీ బయటికి పోనివ్వదు. ముఖానికి పెట్టుకున్న అద్దం మీద పసుపు ఫిల్టరు ఇంకొకటి ఉంటుంది. అది నీలాన్ని ఆపుతుంది. కెమెరా ముందూ అలాంటిదే పెడతారు. సామగ్రి కొత్తది. అమరిక మాత్రం 1852 నాటి చీకటిగదిదే. పసుపు అద్దం పెట్టుకోగానే ముందు చీకటి కమ్ముతుంది. తరవాత ఆ చీకట్లోంచి పగడం కొమ్మలు, అనిమోనీ చేతులు, కొన్ని చేపలు, పీతలు ఒక్కొక్కటే వెలుగుతాయి. దారి చూసుకోవడానికి మామూలు టార్చి వేరే ఉండితీరాలి. ప్రతిదీప్తి వెలుగులో దారి కనబడదు.

ఇది వినోదం మాత్రమే కాదు. పగడాల దిబ్బ చనిపోతోందా, కోలుకుంటోందా అని తెలియాలంటే కొత్తగా నాటుకున్న పిల్ల పగడాలను లెక్కపెట్టాలి. కొన్ని మిల్లీమీటర్ల బొట్లు అవి. పగటి వెలుగులో రాతి గరుకులో కలిసిపోతాయి. నీలి దీపంలో చుక్కల్లా తేలతాయి. లక్షదీవులు, అండమాన్, మన్నారు సింధుశాఖ వంటి చోట్ల సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారుతున్న ఈ రోజుల్లో ఇలాంటి లెక్కకు విలువ ఉంది. ఆంధ్ర తీరంలో అంత పెద్ద దిబ్బలు లేవు.

టార్చి పట్టుకుని పొలానికి వెళితే

ఇదంతా చదివాక మీలో కొందరికి ఒక ఆలోచన వచ్చే ఉంటుంది. సముద్రంలో పిల్ల పగడం దొరికినట్టే, రాత్రి అతినీలలోహిత టార్చి పట్టుకుని వజ్రకరూరు పొలంలో నడిస్తే వజ్రం దొరకదా? ఇంట్లోవాళ్ళు కూలి మానుకుని వెతుకులాటకు పోయే కుటుంబాల నుంచి వచ్చే విద్యార్థులు అడిగే ప్రశ్నే ఇది. కాబట్టి సూటిగా సమాధానం చెప్తాను.

మొదటిది, రత్నాల నాణ్యత గల వజ్రాల్లో ఈ కాంతికి మెరిసేవి నూటికి సుమారు 25 నుంచి 35 మాత్రమే. వాటిలోనూ చాలావాటి మెరుపు సన్నం. అంటే మెరవని రాయి వజ్రం కాదని పారేస్తే, మూడింట రెండు వంతుల వజ్రాలను మీరే పారేసినట్టు. రెండోది, మెరిసిందల్లా వజ్రమూ కాదు. ఇక్కడి కింబర్లైటు పైపొరలో సున్నపు గడ్డలు విపరీతం. కాల్సైటు చాలాచోట్ల ఈ కాంతికి మెరుస్తుంది. ప్లాస్టిక్ ముక్కలు, సబ్బుపొడి అంటిన గుడ్డపీలికలు అంతకంటే బాగా మెరుస్తాయి. తేళ్ళ సంగతి చెప్పనే లేదు. తేలు పైపెంకు ఈ కాంతిలో నీలిపచ్చగా వెలుగుతుందని 1954 నుంచి శాస్త్రవేత్తలకు తెలుసు. అనంతపురం మెట్టలో రాత్రి టార్చి వేస్తే వజ్రం కంటే ముందు మీకు దర్శనమిచ్చేది అదే. చెప్పులు లేకుండా వెళ్ళకండి.

మూడోది, టార్చి సంగతి. అంగట్లో చవకగా దొరికేవి 395 నానోమీటర్ల దగ్గరివి. వాటిలో కంటికి కనబడే ఊదారంగు చాలా ఉంటుంది. అది పలుగురాయి మీద పడి తిరిగొస్తే మెరుపులాగే కనిపిస్తుంది. 365 నానోమీటర్లది, మూతికి నల్లగాజు ఉన్నది అయితే ఈ మోసం తగ్గుతుంది. అప్పుడు పసుపు అద్దం పెట్టుకుందామా? వద్దు. సముద్రంలో వెతికేది పచ్చని, ఎర్రని వెలుగు కనుక పసుపు అద్దం సాయం చేస్తుంది. వజ్రం సాధారణంగా వెలార్చేది నీలం. పసుపు అద్దం దాన్నే చంపుతుంది. ఇక్కడ కావలసింది అతినీలలోహితాన్ని మాత్రం ఆపే తెల్లటి రక్షణ కళ్ళద్దాలు. ఏ వెలుగు కోసం చూస్తున్నామో తెలియకుండా ఫిల్టరును ఎంచుకోలేం.

మరి గనులవాళ్ళు ఏం చేస్తారు? కింబర్లీలో 1890ల చివరికల్లా కొవ్వు పూసిన బల్లలు వచ్చాయి. తడి కంకరను దాని మీద పారిస్తే మిగతా రాళ్ళు జారిపోతాయి, వజ్రం నీటిని అంటించుకోదు కనుక కొవ్వుకు అతుక్కుంటుంది. ఆ తరవాత ఎక్స్‌కిరణాల యంత్రాలు వచ్చాయి. అతినీలలోహితానికి మెరవని వజ్రాలు కూడా ఎక్స్‌కిరణాలకు దాదాపు అన్నీ మెరుస్తాయి. కంకర సన్నని ధారగా పడుతుంటే, మెరుపు కనబడ్డ క్షణంలో గాలి ఊది ఆ రాయిని పక్క తొట్టిలోకి తోస్తారు. అంటే నమ్మదగిన వెలుగు ఒకటి ఉంది. అది పొలంలో నడిచేవాడి జేబులో పట్టేది కాదు. టావెర్నియే కాలంలో గూట్లో దీపం ఎవరి ఇంట్లో ఉందో, ఈ యంత్రమూ, 1332 గీతను చూపే పరికరమూ అలాంటి చోటే ఉన్నాయి. ఎవరికైనా అనుమానపు రాయి దొరికితే దళారి మాట కంటే ముందు గుర్తింపు ఉన్న రత్నపరీక్షశాల కాగితం తీసుకోమని మీ ఊళ్ళో చెప్పండి. రుసుము ఉంటుంది. అయినా తీసుకోవాలి.

ఇంట్లో చేయదగిన పని

చెంచాడు పసుపును కొద్దిగా సర్జికల్ స్పిరిట్‌లో కలిపి, పేరుకున్నాక పైతేటను గాజుగ్లాసులో పోయండి. నిప్పు దగ్గర పెట్టకండి. చీకటిగదిలో అతినీలలోహిత టార్చి వేయండి. టార్చి మూతిలోకి మాత్రం చూడకండి. ద్రవం పసుపుపచ్చగా వెలుగుతుంది. ఇప్పుడు మిఠాయి పొట్లాలకు చుట్టే పసుపురంగు గాజుకాగితాన్ని రెండు మడతలుగా కంటి ముందు పెట్టుకుని చూడండి. చుట్టూ ఉన్న ఊదారంగు తగ్గిపోతుంది, ద్రవం వెలుగు నిలుస్తుంది. అదే టార్చిని సబ్బుపొడితో ఉతికిన తెల్లచొక్కా మీద వేసి, ముందు కాగితం లేకుండా, తరవాత కాగితంతో చూడండి. ఈసారి నీలిమెరుపు బాగా సన్నగిల్లుతుంది. పగడానికీ వజ్రానికీ వేర్వేరు అద్దాలు ఎందుకు కావాలో ఈ రెండు పరిశీలనల ఆధారంగా పది పంక్తుల్లో రాసి, సంపర్క తరగతికి తీసుకురండి.